పోగొట్టుకున్న మనిషితో “అంతా మన మంచికే” అనొచ్చా?

కొర్లగుంట అక్క, తిరుపతి:
మా ఆయన యాక్సిడెంట్‌లో పోయి ఎనిమిది నెలలైంది. హెల్మెట్ ఇంకా తలుపు వెనక మేకుకే ఉంది. దగ్గరికే కదా అని ఆ రోజు పెట్టుకోలేదు. పదకొండో రోజు మా చిన్నత్త నా చెయ్యి పట్టుకుని, “ఏడవద్దమ్మా, స్వామి నిన్ను పరీక్షిస్తున్నాడు. ఈ దెబ్బతో గట్టిపడతావు. ఏది జరిగినా మన మంచికే” అంది. ఆమెకి నేనంటే ప్రాణం. అయినా ఆ మాట ముల్లులా దిగబడిపోయింది. బాధ నిజంగా మనిషిని పెంచుతుందా? లేక మన ఏడుపు చూడలేక అట్లా అంటారా? మనసులో ఉన్నది రాయండి.

పలమనేరు రైతు:
అక్కా, మీకు రాకూడని కష్టం వచ్చింది. కానీ మీ చిన్నత్త మాటను నేను కొట్టిపారేయలేను. మా నాయన పోయినప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. మీద అప్పు, పెళ్ళి కావాల్సిన ఇద్దరు చెల్లెళ్ళు, ఎండిపోయిన బోరు. అంతకు ముందు పని చేయకుండా ఊరి మీద తిరిగేవాణ్ణి. ఆ ఏడాది అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కినాను. మోకాళ్ళ మెట్టు దగ్గర ఒక ముసలాయన మోకాళ్ళ మీద ఎక్కుతుంటే, ఆయన మనవడు ఒక్కో మెట్టు మీదా తువ్వాలు మడిచి వేస్తున్నాడు. అది చూసి పక్కన కూర్చుని కరువుతీరా ఏడ్చినాను. ఇంటికి వచ్చినప్పటి నుంచి నేను వేరే మనిషిని. తరిగొండ వెంగమాంబను చూడండి. చిన్న వయసులోనే భర్త పోయినాడు. ఆ తర్వాతే కదా తిరుమల చేరింది, అన్ని కావ్యాలు రాసింది? ఆమె మొదలుపెట్టిన ముత్యాల హారతి ఇప్పటికీ ఏకాంతసేవలో జరుగుతోంది.

సైకాలజీ టీచర్, చిత్తూరు:
అన్నా, మీరు నిలబడ్డారు, అందులో సందేహం లేదు. కానీ వెంగమాంబ పేరు ఎత్తారు కాబట్టి ఒక మాట. ఆమెను పెంచింది వైధవ్యం కాదు. జుట్టు తీయించుకోవాలి, బొట్టు తుడుచుకోవాలి అని ఊరు పట్టుబడితే, స్వామే నా భర్త అని ఒప్పుకోకుండా నిలబడింది. ఆ నిలబడటమే ఆమెను పెంచింది. ఆమె 1730లో పుట్టింది. ఆ కాలంలో చిన్నప్పుడే భర్తను పోగొట్టుకున్న ఆడపిల్లలు ఎన్నో ఊళ్ళలో ఉన్నారు. దెబ్బే మనిషిని పెంచేదైతే వాళ్ళంతా వెంగమాంబలు కావాలి కదా! వంటింటి మూలలోనే వాళ్ళ బతుకు తెల్లారిపోయింది. ఒక్కరి పేరు కూడా మనకు తెలీదు. వాళ్ళ గురించి తలుచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

అమెరికాలో టెడెస్కీ, కాల్‌హూన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు ఇలాంటి ఎదుగుదలను కొలవడానికి 1996లో 21 అంశాల పట్టిక తయారుచేశారు. మనుషులతో దగ్గరితనం, జీవితం మీద విలువ, ఆధ్యాత్మికత లాంటివి అందులో ఉంటాయి. వాళ్ళు చెప్పేది కూడా ఇదే: ఎదుగుదల దెబ్బ నుంచి రాదు, దాని తర్వాత మనిషి పడే పెనుగులాట నుంచి వస్తుంది. ఎదిగినంత మాత్రాన బాధ పోదు, రెండూ కలిసే ఉంటాయి. 2009లో వేరే పరిశోధకులు కొంతమంది విద్యార్థులను దెబ్బ తగలకముందు, తగిలాక కూడా పరీక్షించారు. “నేను మారాను” అని వాళ్ళు చెప్పిన దానికీ, నిజంగా వచ్చిన మార్పుకీ పెద్దగా పొంతన కనిపించలేదు. అందుకే, ఎనిమిది నెలలకే “గట్టిపడ్డావా?” అని ఒక మనిషిని అడగడం నాకు తప్పుగా అనిపిస్తుంది. అక్కా, నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా 14416కి ఫోన్ చేయండి. మనసు బాగోలేనివాళ్ళకి సాయం చేయడానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ, టెలి మానస్, డబ్బులేమీ కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

పలమనేరు రైతు:
సార్, ఆ ఆడపిల్లల సంగతి నేను ఆలోచించలేదు. కానీ నాకు నమ్మకం లేకుంటే ఆ పెనుగులాటే ఉండేది కాదు. స్వామి చూస్తున్నాడు అనుకోబట్టే పొద్దున్నే లేచి పొలానికి పోయినాను. ఆ మాట వదులుకోలేను.

కాణిపాకం అమ్మాయి:
వదులుకోమని ఎవరూ అనడం లేదన్నా. మా అవ్వ భాగవతం చదివేది. కుంతీదేవి కృష్ణుడితో, “మాకు ఎప్పుడూ ఆపదలే రానీ, అప్పుడే కదా నీ దర్శనం అయ్యేది” అంటుంది. అవ్వ ఆ చోట పుస్తకం మూసి కళ్ళు ఒత్తుకునేది. మా పెదనాన్న పోయినప్పుడు మాత్రం ఆ కథ ఎత్తలేదు. పెద్దమ్మ పక్కన చాప వేసుకుని పడుకుంది, అంతే. లక్క ఇల్లు, అడవి, యుద్ధం అన్నీ దాటాక కుంతి తన నోటితో తాను అన్న మాట అది. కృష్ణుడు ఆమెకు చెప్పింది కాదు. మీరు మెట్ల మీద కూర్చుని అనుకున్నదీ అట్లాంటిదే. అది మీది. అక్కకి దాన్ని ఇవ్వలేం.

కొర్లగుంట అక్క, తిరుపతి:
అందరివీ చదివినాను. పలమనేరు తమ్ముడూ, ఆ తువ్వాలు వేసిన పిల్లవాడు కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. నేను గట్టిపడ్డానో లేదో తెలీదు. పోయిన వారం మా ఎదురింటి ఆవిడ భర్త గుండెపోటుతో పోయినారు. వాళ్ళింట్లో అందరూ ఏదో ఒకటి చెప్తున్నారు. నేను నోరు తెరవలేదు. వాళ్ళ పిల్లలకి మూడు పూటలా అన్నం వండి పంపినాను, రాత్రి ఆవిడ దగ్గర పడుకున్నాను. రెండో రాత్రి ఆవిడే అడిగింది, “నీకు నిద్ర ఎప్పుడు పట్టిందక్కా?” అని. ఇంకా సరిగ్గా పట్టడం లేదని చెప్పినాను. ఇద్దరం లేచి టీ పెట్టుకున్నాం.