రడాన్ నిజంగా మాట ఇచ్చాడా? (ఎల్డెన్ రింగ్ వీడియో గేమ్ DLC చివరి బాస్ స్పాయిలర్లు ఉన్నాయి)

లెనార్డ్_అభిమాని:
2024 జూన్‌లో షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ అనే అదనపు భాగం (DLC) వచ్చినప్పటి నుంచీ తెగని గొడవ ఇది. కథలో అర్ధదేవుడైన మికెల్లా పూర్తి దేవుడు కావాలంటే పక్కన ఒక ప్రభువు ఉండాలి. అందుకు మోగ్ అనే మరో అర్ధదేవుడి శవంలోకి, చనిపోయిన యోధుడు రడాన్ ఆత్మను దించి నిలబెట్టాడు. రడాన్ ముందే ఒప్పుకుని తర్వాత మాట తప్పాడనీ, అందుకే మికెల్లా కవల సోదరి మలేనియా, రడాన్ ఉండే కేలిడ్ దాకా వెళ్లి యుద్ధం చేసిందనీ చాలామంది అంటారు. నాకు నమ్మబుద్ధి కావట్లేదు. బాస్ చచ్చాక వచ్చే జ్ఞాపకం మళ్లీ చూడండి. నేను దేవుణ్ని అవుతాను, నువ్వు నా కన్సార్ట్‌గా (పక్కన నిలిచే ప్రభువుగా) ఉంటానని మాటివ్వు అని మికెల్లా అడుగుతాడు. రడాన్ నోరు విప్పడు.

రూన్ల_రైతు:
మౌనం అర్ధాంగీకారం అన్నారు కదా బ్రో. అయినా అదే సీన్‌లో "ప్రమాణంలో మన వంతు నిలబెట్టుకుంటే" అన్న అర్థం వచ్చే మాట ఉంది. ప్రమాణమే లేకపోతే వంతు ఎక్కడిది?

లెనార్డ్_అభిమాని:
ఆ "మన"లో రడాన్ ఉన్నాడని ఎవరు చెప్పారు? అది కవలలిద్దరి ప్రమాణం కూడా కావచ్చు. మౌనం అర్ధాంగీకారం పెళ్లిచూపుల్లో చెల్లుతుందేమో గానీ, యుద్ధానికి దిగి ఎదురు కొట్టినవాడి దగ్గర చెల్లదు.
ఇంకోటి. రడాన్ సెల్లియా అనే ఊళ్లో గురుత్వ విద్య ఎందుకు నేర్చుకున్నాడు? బక్కచిక్కిన తన గుర్రం లెనార్డ్‌ని వదిలేయాల్సి రాకూడదని. ఆ భారీ మనిషి కింద లెనార్డ్ కాళ్లు చూస్తే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. మికెల్లా సంగతి చూడండి. దేవుడయ్యే దారిపొడవునా ఒక్కో శిలువ దగ్గర ఒక్కోటి వదిలేశాడు. ఒంటిని వదిలాడు, సందేహాలను వదిలాడు, చివరికి ప్రేమనూ వదిలాడు. చివరి బాస్‌గా లేచొచ్చిన రడాన్ పక్కన గుర్రం లేదు, గమనించారా?

కేలిడ్_కాపురం:
నా థియరీ వినండి. రడాన్ నక్షత్రాలను ఆపింది ఈ కన్సార్ట్ రాత తప్పించుకోవడానికే. నక్షత్రాలు కదలకపోతే విధీ కదలదు.

రూన్ల_రైతు:
ఎద్దు ఈనిందంటే గాటన కట్టేయమన్నట్టుంది. నక్షత్రాలు ఆగడంతో ఆగిపోయింది కారియా రాజవంశం విధి, అందులోనూ రానీ అనే రాకుమారిది. మికెల్లాకి దాంతో ఏం పని?

లెనార్డ్_అభిమాని:
దీంట్లో మాత్రం నేను రైతు వైపే. మికెల్లా పద్ధతి తెలియాలంటే మోగ్‌ని చూస్తే చాలు. పసివాడైన మికెల్లాని ఎత్తుకుపోయిన నీచుడని అందరం రెండేళ్లపాటు మోగ్‌ని తిట్టుకున్నాం. తీరా చూస్తే అతని మనసును మాయ చేసింది మికెల్లానే. మోగ్‌ని విడిపించబోయిన అతని అనుచరుడు ఆన్స్‌బాక్‌ మనసూ పోయింది. 2022లో వచ్చిన అసలు గేమ్‌లోనే ఒక మాయకొమ్మ వివరణలో, మికెల్లాకి ప్రేమను బలవంతంగా రాబట్టడం బాగా తెలుసని రాసుంది.

రూన్ల_రైతు:
మోగ్ ప్యాలెస్‌కి కొన్ని వందలసార్లు వెళ్లుంటాను, కానీ ఆ పెద్ద పక్షికి బాణం వేసి లోయలో పడేసి రూన్లు (గేమ్‌లో డబ్బు) ఏరుకోవడానికే. ఐటెమ్ వివరణలు ఎవడు చదివాడు! సరే, మోగ్ విషయం ఒప్పుకుంటా. కానీ మికెల్లాని విలన్ అనలేను. మలేనియా కుళ్లు జబ్బుకి బంగారు సూది చేసినవాడు, ఎవరికీ అక్కర్లేని ఆల్బినారిక్ జాతివాళ్లకు తన చెట్టు దగ్గర చోటిచ్చినవాడు.

కేలిడ్_కాపురం:
సెయింట్ ట్రినా ఇచ్చే తేనె తాగి నాలుగుసార్లు చచ్చాను, ఆవిడ నోరు విప్పాలని. మికెల్లా చెడ్డవాడని ఆవిడ ఒక్క మాట అనలేదు. దైవత్వమే అతనికి జైలు అంది, ఆపమంది. ఆవిడే అతను వదిలేసిన ప్రేమ కదా, ఇంకెవరికి తెలుస్తుంది?

లెనార్డ్_అభిమాని:
జాలి నాకూ ఉంది. కానీ బాస్ ఫైట్ రెండో ఫేజ్‌లో మికెల్లా చేతికి రెండుసార్లు దొరికితే ఏమవుతుందో తెలుసుగా. మామూలు చావు తెర రాదు, మీ మనసు దోచేశారని వస్తుంది. నిన్న రాత్రి నాకు మూడుసార్లు వచ్చింది. ఒక్కసారైనా ఒప్పుకుంటావా అని అడిగాడా?

రూన్ల_రైతు:
మొదటిసారి దొరికినప్పుడే మికెల్లా గ్రేట్ రూన్ అనే ఐటెమ్ వాడు బ్రో, మాయ వదులుతుంది. మిగతాది నువ్వు గెలిచాక మాట్లాడుకుందాం.