సమస్యాపూరణం: "గ్రుడ్డివాడు కనెను గుట్టులెల్ల"

హన్మకొండ కామిక్స్ పిచ్చోడు (సమస్య ఇచ్చినవాడు):

సమస్య అంటే పొంతన లేనట్టు తోచే పద్యపాదం, మిగతా పాదాలు రాసి దానికి అర్థం కుదర్చాలి. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం.

గ్రుడ్డివాడు కనెను గుట్టులెల్ల

పై మూడు పాదాలు మీవి. గ్రు–గు యతి (పాదం మొదటి అక్షరానికీ మధ్యలో వచ్చే అక్షరానికీ ఉండాల్సిన పొత్తు) కుదిరే ఉంది, నా పాదం జోలికి రాకండి.

ఇదెక్కడిదంటారా? ఈమధ్య డేర్‌డెవిల్ కామిక్స్ మీద పడ్డాను. 1964లో స్టాన్ లీ రాసి, బిల్ ఎవరెట్ గీసిన మొదటి సంచిక నుంచి దొరికినవి దొరికినట్టు, ముందువెనుకలు చూడకుండా నమిలేస్తున్నాను. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మాట్ మర్డాక్ అనే కుర్రాడు లారీ కింద పడబోతున్న ముసలాయనను పక్కకు నెట్టేస్తాడు. ఆ లారీలోని రేడియోధార్మిక పదార్థం మొహాన పడి చూపు పోతుంది. మిగతా ఇంద్రియాలు మాత్రం మనిషికి అందనంత పదునెక్కుతాయి. పెద్దయ్యాక పగలు వకీలు. రాత్రయితే ముసుగేసుకుని డేర్‌డెవిల్‌గా న్యూయార్క్‌లోని హెల్స్ కిచెన్ మిద్దెల మీద దూకుతుంటాడు. ఎదుటివాడి గుండె చప్పుడు విని, వాడు చెప్పేది నిజమో అబద్ధమో పసిగడతాడు.

షరతు ఒక్కటే. పద్యంలో హీరో పేరు పెట్టొద్దు. పేరు చెప్పగానే చదివేవాడు "ఓహో, ఆయనా" అనుకుంటాడు, అక్కడితో ముడి విడిపోతుంది. ఆ ముడిని విప్పాల్సింది పద్యం. కామిక్స్ చదవనివాళ్లు పురాణాల్లోంచి తెచ్చుకున్నా అభ్యంతరం లేదు.

ముందు నాదే పెడుతున్నాను. కొట్టండి.

కండ్లు పోయె గాని కర్ణముల్ మిగిలెను
గుండె చప్పుడెల్ల గురుతుపట్టు
బొంకు సాక్షి పలుక బోనులో నిలబడి
గ్రుడ్డివాడు కనెను గుట్టులెల్ల

పాలకుర్తి మాస్టారు:

పద్యం నడిచింది. రెండో పాదం చెవికి ఇంపుగా ఉంది. ఒక్క సందేహం తీర్చు నాయనా. మూడో పాదం చివర "నిలబడి", ఆ వెంటనే "గ్రుడ్డి". సంయుక్తాక్షరం ముందున్న "డి" గురువు కాదా?

కామిక్స్ పిచ్చోడు:

రెండూ వేర్వేరు తెలుగు మాటలు, సమాసం కాదు కదా మాస్టారూ. అందుకే లఘువుగానే లెక్కపెట్టాను. మీ మాట ప్రకారం గురువే అనుకున్నా చివరి గణం నలం (నాలుగు లఘువులు) కాస్తా నగం (మూడు లఘువులు, ఒక గురువు) అవుతుంది. ఏదైనా అక్కడ ఉండాల్సిన ఇంద్రగణమే, ఎటు తిప్పినా పాదం నిలబడుతుంది.

పాలకుర్తి మాస్టారు:

తప్పించుకున్నావు. ద్విపదలో కావ్యాలు రాసిన పాల్కురికి సోమన పుట్టిన ఊరివాళ్లం, ద్విపద ఇచ్చి ఉంటే ఇంకా హాయిగా ఉండేది. సరే, నా పూరణ. ఉద్యోగపర్వంలో రాయబారం ఘట్టం.

విశ్వరూప మచట విభుడు చూపిన వేళ
కనులు కోరి పొందె కౌరవపతి
శౌరి యొసగినట్టి చక్షువుల్ తెఱువగా
గ్రుడ్డివాడు కనెను గుట్టులెల్ల

కామిక్స్ పిచ్చోడు:

క–కౌ, శౌ–చ యతులు చూసి ముచ్చటేసింది. ఇలాంటివి మా తరానికి తట్టవు. అయినా నా పేచీ నాకుంది. ధృతరాష్ట్రుడికి కృష్ణుడు కళ్లిచ్చాడు. కళ్లున్నవాడు చూస్తే వింతేముంది? ఆ నిమిషానికి ఆయన గుడ్డివాడు కానే కాదు. పైగా ఆయన చూసింది విశ్వరూపం, "గుట్టులు" కావు. సమస్యలో రెండు ముళ్లున్నాయి, చూపు లేకపోవడం ఒకటి, రహస్యం తెలియడం ఇంకొకటి. మీరు మొదటిదాన్ని తెంపేశారు, రెండోది అలాగే ఉండిపోయింది.

పాలకుర్తి మాస్టారు:

విశ్వరూపం కన్నా పెద్ద గుట్టు ఏముంటుందిరా! అయినా నీ మొదటి మాట ఒప్పుకుంటాను. తెంపడం వేరు, విప్పడం వేరు.

కాజీపేట జంక్షన్:

అన్నా, నాది మన భాషలనే రాసిన. ఏమనుకోవద్దు.

ఎర్ర బట్టలేసి ఎగిరిండు మావోడు
కట్టె చేత పట్టి కోర్టుకొచ్చె
రాత్రి పూట దొంగ రవ్వంత కదిలిన
గ్రుడ్డివాడు కనెను గుట్టులెల్ల

కామిక్స్ పిచ్చోడు:

తమ్మీ, మొదటి పాదం అదిరింది. "ఎగిరిండు మావోడు", సలం, తగణం, ఎ–ఎ యతి, అన్నీ సాఫ్. మన మాటలో ఆటవెలది ఇంత తేలిగ్గా ఒదుగుతుందని చూపించినవ్. రెండో పాదంలో మాత్రం బండి పట్టాలు దిగింది. "కట్టె"లో క, "కోర్టు"లో కో. అకారానికి ఓకారంతో మైత్రి లేదు, యతి పోయింది. మాటలు అటూఇటూ జరిపితే చాలు.

కోర్టుకొచ్చె కట్టె కోటు తోడ

కో–కో కలిసింది, నల్లకోటు కూడా దానంతటదే వచ్చి కూర్చుంది. ఆ కట్టె ఉత్త ఊతకర్ర కాదని గుర్తుంచుకో. రాత్రికి అదే ఆయుధం.

ఇక కథ సంగతి. ఎర్ర బట్టలు మొదటి నుంచీ లేవు. తొలి సంచికల్లో పసుపు డ్రెస్సు ఉండేది, ఎరుపు వచ్చింది 1965లో, వాలీ వుడ్ గీసిన ఏడో సంచికలో. నీ పద్యానికి దాంతో నష్టమేం లేదు. నాకు సరదా అనిపించేది ఏంటంటే, ఊరంతా చూసి హడలిపోయే ఆ ఎరుపు ఎలా ఉంటుందో వేసుకున్నోడికే కనబడదు. దాని మీద ఎవరైనా పద్యం కట్టొచ్చు.

కాజీపేట జంక్షన్:

యతి అంటేనే టెన్షన్ అయితది అన్నా. మార్చినది మంచిగుంది, అదే ఉంచుకుంట. పాత సంచికలు నేను గూడ చూసిన, ఎనిమిదో దాంట్ల పొడుగు ఇనుపకాళ్లు తగిలించుకొని దొంగతనం చేసేటోడు ఒకడున్నడు గదా? వాన్ని చూసి పొట్ట చెక్కలయ్యేటట్టు నవ్విన.

కామిక్స్ పిచ్చోడు:

స్టిల్ట్‌మ్యాన్! వాడు రావడానికి మూడు వీధుల అవతలి నుంచే ఇనుప చప్పుడు వినబడుతుంటే, చెవులే ఆయుధంగా ఉన్నవాడి మీదికి అలాంటి దొంగనా పంపేది? ఆ రోజుల్లో విలన్లను ఏరే పని ఎవరిదో గానీ ఈ హీరో సంగతి వాళ్లకు సరిగ్గా చెప్పినట్టు లేదు. అయినా ఆ సంచికలు నేను పక్కన పెట్టలేను. బొమ్మల్లో ఒక అమాయకత్వం ఉంది, దాన్ని వదులుకోవడం కష్టం.

కరీంనగర్ గుడ్లగూబ:

పేరుకు తగ్గట్టే రాశాను. నా హీరో మీవాడి కంటే సీనియర్. ఎవరో చెప్పుకోండి చూద్దాం.

పట్టపగలు వాని బ్రతుకెల్ల చీకటి
చిమ్మచీకటైన చెలగుచుండు
గూబ తోడురాగ గుబులేమి లేకయె
గ్రుడ్డివాడు కనెను గుట్టులెల్ల

కామిక్స్ పిచ్చోడు:

డాక్టర్ మిడ్‌నైట్! 1941, ఆల్ అమెరికన్ కామిక్స్ 25వ సంచిక. డీసీ కామిక్స్ వాళ్ల పాత హీరో, వైద్యుడు. గూండా విసిరిన గ్రెనేడ్‌తో చూపు పోయి కట్టుకట్టుకుని ఉంటే, ఒక రాత్రి కిటికీలోంచి గుడ్లగూబ వచ్చి పడుతుంది. కట్టు తీస్తే చీకట్లో అన్నీ కనిపిస్తాయి. వెలుతురుంటే ఏమీ కనబడదు. ఆ గూబనే పెంచుకుంటాడు.

ఇప్పటివరకు వచ్చినవాటిలో ముడిని సరిగ్గా విప్పింది ఇదే. పగలు గుడ్డి, రాత్రి కాదు. గుట్టులు జరిగేది రాత్రే కదా, రెండో ముడి కూడా దానంతటదే వీడిపోయింది. నా పద్యం కన్నా ఇది మేలు, ఎందుకంటే నేను చెవులను తెచ్చి "కనెను" అనిపించాను. గట్టిగా అడిగితే నావాడు విన్నాడంతే, కనలేదు. మీవాడు నిజంగానే కన్నాడు.

రెండో పాదంలో "చీకటైన" మాత్రం నాకు ఇంకా రుచించలేదు. మొదటి పాదం చీకటితో ముగిసి రెండోది మళ్లీ చీకటితోనే మొదలవుతోంది. "చిమ్మరాత్రియైన చెలగుచుండు" అంటే ఎలా ఉంటుంది?

కరీంనగర్ గుడ్లగూబ:

గణాలు సరిపోయాయి గానీ "చిమ్మరాత్రి" అని ఎవరైనా అంటారా? చిమ్మచీకటే అంటాం. ఛందస్సు కోసం లేని మాట పుట్టించడం కన్నా ఉన్న మాట రెండుసార్లు రావడమే మేలు. ఉంచేస్తున్నాను.

పాలకుర్తి మాస్టారు:

గూబ చెప్పిందే సరైనది.

పరకాల పంతులు:

నేను ప్రశ్న దారిలో పోయాను. మీ కుర్రవాడు వేళ్లతో తడిమి అచ్చు చదువుతాడని మావాడు చెప్పాడు. అది పట్టుకున్నాను.

వ్రేలి కొసల నచ్చు వేగమే చదువును
రంగు బొమ్మ చూడ రాదు కాదె
తెరను తడిమినంత తెలియునే? యెట్టులీ
గ్రుడ్డివాడు కనెను గుట్టులెల్ల?

కామిక్స్ పిచ్చోడు:

పంతులుగారూ, "ఎట్టులీ" అని ప్రశ్న పెట్టి తప్పుకోవడం అవధానాల్లో పాత చిట్కా, మీకు తెలియనిది కాదు. దాంతో ఏ సమస్యనైనా పూరించొచ్చు, అందుకే దానికి మార్కులు తక్కువ. కానీ మీ పై మూడు పాదాల్లో సరుకుంది. సిరా కాగితం మీద మిగిల్చే ఆ కాస్త ఎత్తుపల్లాన్ని వేలికొసలతో తడిమి చదువుతాడు. గాజు తెర మీద ఆ ఎత్తు ఉండదు కాబట్టి ఫోన్, టీవీ ముందు ఆయనకు ఏమీ తోచదు. ఈ బలహీనతను వెతికి పట్టుకోవడం మామూలు సంగతి కాదు.

కథకులు దీన్ని ఎంత బాగా వాడుకున్నారో చెప్పాలి. 2011లో మార్క్ వెయిడ్ రాసిన వరుస మొదలైనప్పుడు మొదటి సంచిక అట్ట బొమ్మ పావలో రివేరా వేశాడు. డేర్‌డెవిల్ గాల్లోకి ఎగురుతుంటాడు. చుట్టూ ఉన్న నగరాన్ని శబ్దాలను పలికే అక్షరాలతోనే కట్టేశాడు. పిట్ట రెక్క చప్పుడు ఎలా ఉంటుందో ఆ అక్షరాలే పిట్ట రూపంలో ఉంటాయి. కళ్లు లేనివాడికి ఊరు ఎలా తోస్తుందో కళ్లున్నవాళ్లకు చూపించాలంటే ఇంతకు మించి ఏం చేస్తారు? నేను లోపలి పేజీ తిప్పడానికి చాలాసేపు పట్టింది.

పరకాల పంతులు:

మార్కులు తక్కువైనా మాట మంచిగా అన్నావు. రెండో పాదంలో "కాదె" పాదపూరణానికే వేశానని నువ్వు అనకముందే నేనే అనేస్తున్నాను.

మట్టెవాడ అక్క:

మీరంతా ఆయన వింతశక్తుల చుట్టే తిరుగుతున్నరు. మీవాడు నాకు పంపించిన డేర్‌డెవిల్ కథ బార్న్ అగైన్ చదివినంక నాకు ఇంకో గుట్టు కనిపించింది. తప్పులుంటే దిద్దండి తమ్ముళ్లు.

మత్తు కొరకు తనదు మర్మము నమ్మిన
పడతినైన మరల పలుకరించి
పగను మాని యింట బ్రతికించుకొన్నట్టి
గ్రుడ్డివాడు కనెను గుట్టులెల్ల

కామిక్స్ పిచ్చోడు:

అక్కా, దిద్దడానికి ఏమీ లేదు. కథ తెలియనివాళ్ల కోసం నేను పూసగుచ్చుతాను.

1986, డేర్‌డెవిల్ 227 నుంచి 233వ సంచిక దాకా, ఫ్రాంక్ మిల్లర్ రచన, డేవిడ్ మజ్జుకెల్లి బొమ్మలు. కేరన్ పేజ్ ఒకప్పుడు మాట్ ఆఫీసులో పనిచేసిన అమ్మాయి, మనసిచ్చిన అమ్మాయి. మత్తుమందుకు బానిసై, ఒక్క డోసు కోసం డేర్‌డెవిల్ ముసుగు వెనుక ఉన్నదెవరో చెప్పేస్తుంది. ఆ పేరు చేతులు మారి నేరాల ముఠాల పెద్ద కింగ్‌పిన్ దగ్గరికి చేరుతుంది. వాడు తుపాకీతో రాడు. బ్యాంకు ఖాతా, ఉద్యోగం, పరువు ఒక్కొక్కటే ఊడబెరికి, చివరికి ఇల్లు పేల్చేస్తాడు. మాట్ వీధినపడి పిచ్చెక్కినట్టు తిరుగుతాడు. ఇంత చేసిన మనిషి మళ్లీ ఎదురుపడితే ఏం చేయాలి? దగ్గరికి తీసుకుంటాడు. మత్తు వదిలించుకునే ఆ నరకంలో ఆమె పక్కనే ఉంటాడు.

నేను ఈ కథను ఇంతకు ముందూ చదివాను. ప్రతిసారీ కింగ్‌పిన్ కుట్రే చూసుకుంటూ పోయాను, ఎందుకంటే చదివించేది అదే. కేరన్‌ను క్షమించే చోటు దగ్గర ఆగలేదు. గుండె చప్పుడుతో అబద్ధాన్ని పట్టేవాడికి ఆమె పశ్చాత్తాపం నిజమో కాదో తెలియకుండా ఉంటుందా? అంటే అక్క పద్యంలో "గుట్టులు" దొంగల గుట్టులు కావు. ఆమె లోపలివి. నేను తెచ్చిన సాక్షి బోను దీని ముందు చిన్నబోయింది.

పాలకుర్తి మాస్టారు:

కథ నాకు తెలియదు. అయినా పద్యం అర్థమయింది, కళ్లు చెమర్చాయి. హీరో పేరు లేదు, శక్తుల ఊసు లేదు, చెవి మాట కూడా లేదు. "బ్రతికించుకొన్నట్టి" దగ్గర సలం, తగణం వరసగా పడి నడక నెమ్మదించింది, అక్కడ నెమ్మదించాలి కూడా. ప–బ్ర యతి చూశారా, ఎవరి కంటా పడకుండా కూర్చుంది. ఒక్క మాట అడుగుతాను తల్లీ, "తనదు మర్మము" అన్నప్పుడు తన అంటే ఎవరు? మత్తుకు బానిసైన పడతి తన మర్మాన్నే అమ్ముకుందని కూడా అనుకోవచ్చు కదా?

మట్టెవాడ అక్క:

నిజమే సార్. నాకు తట్టలేదు. "మత్తు కొరకు వాని మర్మము" అంటే?

పాలకుర్తి మాస్టారు:

తనదు మూడు లఘువులు, వాని గురువు లఘువు. రెండూ సూర్యగణాలే, మార్చుకోవచ్చు. కానీ "వాని" అంటే ఎవడో మూడోవాడిలా వినిపిస్తుంది. నా మట్టుకు నేను "తనదు"నే ఉంచుతాను. నాలుగో పాదానికి వచ్చేసరికి ఎవరో తేలిపోతుంది.

కాజీపేట జంక్షన్:

అక్కా, నీది చదివినంక నాది చింపేద్దామనిపించింది.

మట్టెవాడ అక్క:

చింపకు తమ్మీ. "ఎగిరిండు మావోడు" మా ఇంట్ల పిల్లలు పొద్దటి సంది పాడుతనే ఉన్నరు.

కామిక్స్ పిచ్చోడు:

ఈ వారం మొదటి స్థానం మట్టెవాడ అక్కకు, రెండోది కరీంనగర్ గూబకు. కాజీపేట తమ్ముడు దిద్దిన పాదంతో మళ్లీ పెట్టాలి.

వచ్చే వారం సమస్య, ఇదీ ఆటవెలదే.

శవము లేచి వచ్చి శత్రు నణచె

1992లో డూమ్స్‌డే అనే రాక్షసుడి చేతిలో సూపర్‌మ్యాన్ చచ్చిపోయిన 75వ సంచిక నా చేతికి వచ్చింది. సంచికంతా పేజీకి ఒకే బొమ్మ. ఏడాది తిరిగేసరికి ఆయన లేచి వచ్చాడని మీకు తెలుసు, కాబట్టి పేరు రాయొద్దన్న షరతు దీనికీ ఉంది. మాస్టారూ, సత్యవంతుణ్ని మాత్రం తేవద్దు. ఆయన లేచాడు గానీ ఎవరినీ అణచలేదు.