డిష్ ముందు హెలిక్స్ ఎటువైపు చుట్టాలి?

ప్రశ్న (అమలాపురం):
హ్యామ్ రేడియో వాళ్లు వాడే ఉపగ్రహం క్యూఓ-100 కోసం 90 సెంటీమీటర్ల ఆఫ్‌సెట్ డిష్‌కు 2.4 గిగాహెర్ట్జ్ హెలిక్స్ ఫీడ్ (డిష్ ముందుండే, స్ప్రింగులా చుట్టిన తీగ ఆంటెన్నా) కట్టాను. 10489 మెగాహెర్ట్జ్ పైన అందరి మాటలూ చక్కగా వినిపిస్తున్నాయి. ఆంప్లిఫయర్ ఐదు వాట్లది, అయినా ఉపగ్రహం నుంచి తిరిగి వచ్చే నా సిగ్నల్ వినీవినిపించనట్టుంది. అప్‌లింక్‌కు (ఉపగ్రహానికి పంపే తరంగానికి) కుడి వృత్తాకార ధ్రువణం, అంటే తరంగం కుడివైపు తిరుగుతూ సాగడం, కావాలన్నారు కాబట్టి తీగను మామూలు బోల్టు మర తిరిగిన వైపే చుట్టాను. లోపం ఎక్కడ ఉంటుందంటారు?

జవాబు (పాలకొల్లు):
మీ చివరి వాక్యంలోనే జవాబుందండీ. డిష్ మీద పడి వెనక్కి మళ్లిన తరంగం ధ్రువణం తిరగబడుతుంది. కుడిది ఎడమ అవుతుంది. ఉపగ్రహానికి కుడి చేరాలంటే ఫీడ్ ఎడమ మరగా ఉండాలి. డిష్ లేకుండా నేరుగా ఆకాశానికి గురిపెట్టే హెలిక్స్ అయితే మీరు చుట్టినదే సరైనది. తిరగబడిన ధ్రువణంతో పంపితే వందో వంతు సిగ్నల్ కూడా దక్కకపోవచ్చు. ఇతరులు బాగా వినిపిస్తున్నారంటే డిష్ గురి సరిగానే ఉంది, దాన్ని కదపకండి. హెలిక్స్‌ను తలకిందులు చేసి బిగించినా మర మారదు, కొత్తగా చుట్టాల్సిందే.

కొలతలు: 2400 మెగాహెర్ట్జ్‌కు తరంగదైర్ఘ్యం 12.5 సెంటీమీటర్లు. ఒక చుట్టు చుట్టుకొలత అంతే ఉండాలి, అంటే వ్యాసం 4 సెంటీమీటర్లు. చుట్టుకూ చుట్టుకూ మధ్య 2.8 సెంటీమీటర్లు. 40 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టం మీద చుట్టి, గొట్టాన్ని లాగేయండి. లోపలే వదిలేస్తే ఆంటెన్నా పౌనఃపున్యం కిందికి జారుతుంది. ఇలాంటి హెలిక్స్ నిరోధం దాదాపు 140 ఓమ్‌లు. మొదటి పావు చుట్టుకు వెడల్పాటి రాగి రేకు అతికి, హెలిక్స్ వెనకుండే రిఫ్లెక్టర్ పళ్లేనికి దగ్గరగా వంచుతూ, కేబుల్‌కు సరిపడే 50కి తీసుకురావాలి. ఓపికగా చేయాల్సిన పని ఇదే.

కేబుల్ ఏది వాడుతున్నారు? ఆర్‌జీ-58 అయితే ఈ పౌనఃపున్యంలో పది మీటర్లకే పదింట తొమ్మిది వంతుల పవర్ పోతుంది. ఆంప్లిఫయర్‌ను డిష్ దగ్గరే పెట్టండి. సముద్రపు గాలికి కనెక్టర్లకు త్వరగా చిలుము పడుతుంది, టేపుతో గట్టిగా మూయండి.

ప్రశ్న (రాజోలు):
మా ఇంటి చుట్టూ కొబ్బరి తోటేనండీ. క్యూఓ-100 అందుతుందా?

జవాబు (పాలకొల్లు):
ఆ ఉపగ్రహం 25.9 డిగ్రీల తూర్పు రేఖాంశం పైన ఉంది. మన దగ్గర నుంచి పడమరకు కాస్త దక్షిణంగా, సుమారు 24 డిగ్రీల ఎత్తులో కనిపిస్తుంది. 18 మీటర్ల చెట్టు ఆ వైపు ఉంటే, నేల మీది డిష్ దానికి 40 మీటర్ల దూరంలో ఉండాలి. డాబా మీద పెడితే అంత దూరం అక్కర్లేదు. తడిసిన మట్టలు అడ్డు వస్తే అందే సిగ్నల్ కూడా బాగా పడిపోతుంది. ముందు వినడం మొదలుపెట్టండి, పంపడానికి మాత్రం లైసెన్సు చేతిలో ఉండాలి.

ప్రశ్న (అమలాపురం):
ఎడమ మర చుట్టాను, సిగ్నల్ ఒక్కసారిగా పైకి లేచింది. చాలా కృతజ్ఞతలండీ!

జవాబు (పాలకొల్లు):
సంతోషమండీ. ఇక మీ సిగ్నల్ బీకన్‌ను (ఉపగ్రహం నుంచి ఎప్పుడూ వచ్చే గుర్తింపు సిగ్నల్‌ను) మించకుండా చూసుకోండి. మించితే ట్రాన్స్‌పాండర్ (అందిన సిగ్నల్‌ను తిరిగి పంపే ఉపగ్రహంలోని పరికరం) వాడే మిగతావాళ్లందరికీ ఇబ్బంది. రెండు వాట్లతో మొదలుపెట్టి చూడండి.