పూతరేకులో పూత ఏది, రేకు ఏది?

'పూతరేకు'లోని పూత మామిడి పూత లాంటిదేననీ, పువ్వు రేకంత పల్చనిది కాబట్టే ఆ పేరు వచ్చిందనీ మొన్న ఇక్కడ ఒకరు రాశారు. వినడానికి బాగుంది కానీ నాకు మింగుడు పడలేదు. గోడకి సున్నం పూత, గిన్నెకి కళాయి పూత అంటాం కదా, ఇదీ ఆ పూతే. పూస్తే వచ్చిన రేకు పూతరేకు. ఆత్రేయపురం వైపు వాళ్లెవరైనా ఉంటే చెప్పండి.

— మాది ఆ పక్క ఊరేనండి. మా అత్తగారు రేకులు తీసేవారు. పొయ్యి మీద కుండ బోర్లించి, నానబెట్టి రుబ్బిన జయ బియ్యం పిండిని బాగా జారుగా కలిపి, అందులో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగడమే. గుడ్డ దాటగానే తడి మెరుస్తుంది, అంతలోనే తెల్లబడి అంచు పైకి లేస్తుంది. ఆ లేచినదాన్నే రేకు అంటాం, తడిగా ఉన్నంతసేపూ అనం. మంట ఒకవైపే ఎగదోశామంటే ఆ వైపు చిల్లులే. కుండ సమంగా కాగాలని ఆవిడ ఒకటే గోల.

— ఆవిడ గోలలో చాలా ఫిజిక్సు ఉందండి. బళ్లో చెప్పుకునే తలతన్యత, అంటే ద్రవం పైతలాన్ని బిగించి ఉంచే లాగుడు, వేడి పెరిగేకొద్దీ తగ్గుతుంది. నీటికి 20 డిగ్రీల దగ్గర మీటరుకి దాదాపు 73 మిల్లీ న్యూటన్లు, 100 దగ్గర 59. ఒకే పొరలో ఒకచోట వేడి, పక్కన చల్లన ఉంటే చల్లటి వైపు లాగుడు ఎక్కువ, ద్రవం అటు జరుగుతుంది. వేడిచోట పొర పల్చబడుతుంది. మరంగోని అనే ఇటలీ ఆయన 1865లో తలతన్యత తేడాల మీద రాశాడు, అందుకే ఈ ప్రవాహానికి ఆయన పేరు.

అసలు చిక్కు ఇక్కడుంది. అడుగు నుంచి కాగే పొరలో ఎక్కడైనా కాస్త పల్చబడితే, అక్కడి పైతలం కుండకి దగ్గరై ఇంకా వేడెక్కుతుంది, ద్రవం ఇంకా పక్కకి పోతుంది, పొర ఇంకా పల్చబడుతుంది. మందపాటి పొరైతే సొంత బరువుతో సర్దుకుంటుంది. పల్చటిదానికి ఆ బలం చాలదు. అదే అడుగు చల్లగా, పైన వేడిగా ఉంటే కథ తిరగబడుతుంది: పల్చటిచోటే చల్లబడి ద్రవాన్ని తనవైపు లాక్కుంటుంది, గుంట పూడుతుంది.

— మరి అడుగు నుంచే కదా కాల్చేది, ప్రతి రేకూ చిరిగిపోవాలి కదండీ?

— పిండి కాబట్టి బతికిపోతుంది. సుమారు 70 డిగ్రీలు దాటితే బియ్యపు పిండి ఉబ్బి గంజి కడుతుంది, ఇక కదలదు. ద్రవం పక్కకి జరిగేలోపే పొర గట్టిపడితే రేకు, లేకపోతే చిల్లు. మీ చిల్లులన్నీ దీనివల్లేనని అననండి. పిండిలో నలక, గుడ్డలో మడత, కుండకి ఎక్కువైన నూనె, ఇవన్నీ ఉంటాయి. కింద కుండ లేకుండా రెండువైపులా గాలే ఉన్న పొరైతే మరీ సున్నితం. ఒకచోట వేడి తగిలి బాగా పల్చబడి చిల్లు పడిందా, అంచుని తలతన్యతే వెనక్కి లాగేసి చిల్లుని పెద్దది చేసేస్తుంది.

— మాస్టారూ, పిల్లల కోసం ఒక పాఠం తెలుగులో రాస్తున్నా. 'లిక్విడ్ షీట్'కి 'ద్రవ రేకు' అనేశాను. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ (భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది కదా, మన మాటే వాడదామని.

— వద్దమ్మా. ఆ పక్క ఊరావిడ చెప్పింది చూడు, తడిగా ఉంటే రేకు అనరట. 'ద్రవపు పొర' అను.

— ఉల్లిపొర గట్టిదే కదండీ?

— పొర తడికీ పొడికీ రెండిటికీ నడుస్తుంది. రేకు అలా కాదు, తగరం రేకైనా తామర రేకైనా చేత్తో పట్టుకుని ఎత్తగలగాలి.