రాత్రి రైలులో మూడు నెలల పాపకు సీసా పాలు: ముందే కలిపి పెట్టుకోవచ్చా?

ప్రశ్న – పాప అమ్మ

వచ్చే నెలలో మా చెల్లెలి పెళ్లికి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాదు నుంచి విశాఖపట్నం వెళ్తున్నాము. అప్పటికి మా పాపకు మూడు నెలలు నిండుతాయి. నా పాలు చాలకపోవడంతో డాక్టరు గారు రాసిన డబ్బా పాలు కూడా పడుతున్నాము. ఇంట్లో ఏ ఇబ్బందీ లేదు కానీ, రైలులో రాత్రంతా ఎలా నెట్టుకురావాలో తెలియడం లేదు. బయలుదేరే ముందే నాలుగు సీసాల పాలు కలిపి, వేడి తగ్గకుండా ఫ్లాస్కులో పోసి ఉంచుకుంటే సరిపోతుందని మా అత్తగారు అంటున్నారు. ఏసీలో బెర్తులు దొరకక స్లీపరులో తీసుకున్నాము. అనుభవమున్నవారు చెప్పగలరు.

సమాధానం – పిల్లల వార్డు నర్సు

కలిపిన పాలను ఫ్లాస్కులో పోయడం ఒక్కటి మాత్రం వద్దండి. గోరువెచ్చగా నిలవ ఉన్న పాలలో సూక్ష్మజీవులు చాలా వేగంగా పెరుగుతాయి. మనకు నోటికి హాయిగా తగిలే వేడి వాటికీ హాయిగానే ఉంటుంది. కలిపిన పాలను బయట ఉంచితే రెండు గంటలలోపు వాడాలి, పాప తాగగా మిగిలినవి అప్పుడే పారబోయాలి. ఫ్లాస్కులో పోయవలసినది పాలు కాదు, నీళ్లు.

పాలపొడి డబ్బా మూత తీయకముందు కూడా పూర్తిగా క్రిమిరహితం కాదన్న సంగతి చాలామందికి తెలియదు. క్రోనోబాక్టర్ వంటి బ్యాక్టీరియా అరుదుగానైనా పొడిలో ఉండవచ్చు. రెండు నెలల లోపు పిల్లలకు, నెలలు నిండకుండా పుట్టినవారికి దానితో ముప్పు మరీ ఎక్కువ. అందుకే కనీసం 70 డిగ్రీల వేడి ఉన్న నీళ్లలోనే పొడి కలపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. స్టేషనులో కొన్న నీళ్ల సీసా సీలు ఊడదీయనిదే అయినా, ఆ చల్లటి నీళ్లు పొడిలోని క్రిములను చంపలేవు. కాబట్టి ఇంట్లో నీళ్లు తెర్లించి, పొగలు కక్కుతుండగానే మంచి స్టీలు ఫ్లాస్కు నిండా పోసి గట్టిగా మూత పెట్టండి. ఒక్కో పూటకు సరిపడే పొడిని కొలిచి, ఉడికించి ఆరబెట్టిన చిన్న డబ్బాలలో విడివిడిగా పెట్టుకోండి. సీసాలను, పాలపీకలను పది నిమిషాలు నీళ్లలో మరగనిచ్చి, ఆరాక బిగించి, ఎన్నిసార్లు పట్టాలో అన్ని సీసాలు తీసుకువెళ్లండి. రైలు కుళాయి దగ్గర సీసా కడిగి మళ్లీ వాడే అవసరం రాకూడదు.

పాప ఆకలితో కదలడం మొదలుపెట్టగానే, ఏడుపు దాకా ఆగకుండా, ముందు సీసాలో నీళ్లు కొలిచి పోసి తర్వాత పొడి వేయండి. కొలత విషయంలో ఎవరి మాటా వినకండి. పాలడబ్బా మీద తయారీ విధానం ముద్రించి తీరాలని 1992 నాటి చట్టం చెబుతోంది కనుక దాన్నే చూడండి. ఎండాకాలమని పలచగా కలిపితే పాపకు పోషణ తగ్గుతుంది, చిక్కగా కలిపితే ఒంట్లో నీరు తగ్గుతుంది. కలిపాక మగ్గులో చన్నీళ్లు పోసి, పాలపీకకు ఆ నీళ్లు తగలకుండా సీసాను అందులో నిలబెట్టి తిప్పుతూ ఉంటే కాసేపటికి చల్లారుతుంది. మణికట్టు లోపలివైపు ఒక చుక్క వేసుకుని చూశాకే నోటికి అందించండి. కుదుపులకు పొరపోకుండా తల కాస్త ఎత్తుగా పట్టుకోవాలి.

సమాధానం – కాకినాడ అమ్మమ్మ

నర్సమ్మ గారు చెప్పినదే నా మాట కూడా. సీసాతో పాటు వెండిదో, స్టీలుదో ఒక ఉగ్గుగిన్నె కూడా పెట్టుకో తల్లీ. పాలపీకలోనూ సీసా మెడ మలుపులోనూ పాలు పేరుకుపోతే కంటికి కనిపించవు, బ్రష్షు లేకపోతే పోవు. ఉగ్గుగిన్నెకు మూలలు ఉండవు కనుక శుభ్రం చేయడం సులువు. కడిగి, మరిగే నీళ్లలో పది నిమిషాలు ఉంచి తీస్తే చాలు. దాని ముక్కును కింది పెదవి మీద ఆనించి ఉంచితే పాపే చప్పరించుకుంటుంది, మనం గొంతులో పోయకూడదు. ఇంట్లో ముందుగా అలవాటు చేయి, రైలులో కొత్తగా మొదలుపెడితే సగం పాలు గౌను మీదే.

పాప అమ్మ

ఇద్దరికీ ధన్యవాదాలు. మరో రెండు సందేహాలు. ఫ్లాస్కులో నీళ్లు చల్లారితే ఛార్జింగు సాకెట్టుకు కెటిల్ పెట్టుకోవచ్చా? నా పాలు పిండి తీసుకువెళ్తే ఎంతసేపు ఉంటాయి?

సమాధానం – పిల్లల వార్డు నర్సు

కెటిల్ పెట్టకూడదండి, రైల్వే నిషేధించింది. ఆ సాకెట్లు అంత భారం మోయలేవు, నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. రెండు ఫ్లాస్కులు తీసుకువెళ్లి, రెండోదాన్ని అర్ధరాత్రి దాటేదాకా తెరవకండి. మూత తీసిన ప్రతిసారీ వేడి పోతుంది.

పిండిన పాలు 25 డిగ్రీల లోపు గదిలో నాలుగు గంటలు ఉంటాయని అంటారు కానీ, వేసవిలో స్లీపరు బోగీని ఆ లెక్కలోకి తీసుకోలేము. గడ్డకట్టించిన ఐస్ ప్యాకులతో చల్లదనం నిలిపే సంచీలో పెడితే 24 గంటల వరకు ఆగుతాయి. అయినా మీరు పక్కనే ఉన్నప్పుడు పిండడం దేనికి? దుపట్టా కప్పుకుని రొమ్ము పట్టడమే అన్నిటికన్నా తేలిక. ముందు మీ పాలు పట్టి, చాలనప్పుడే డబ్బా పాలు కలపండి. ఉక్కపోస్తోందని విడిగా మంచినీళ్లు పట్టవద్దు. ఆరు నెలల లోపు పిల్లలకు దాహం కూడా పాలతోనే తీరాలి.

ఇక కల్యాణ మండపంలో పాప పది చేతులు మారుతుంది, సీసా కూడా. ప్లాస్టరు ముక్క మీద పాలు కలిపిన వేళ రాసి సీసాకు అంటించండి. ఆ వేళకు రెండు గంటలు దాటాక ఎవరు పట్టబోయినా ఆపమని ఇంట్లో ఒకరికి గట్టిగా చెప్పి ఉంచండి.