గుంటూరు నుంచి ఒహాయోకి కొత్త, ఇక్కడి రోటరీలో చేరొచ్చా?

లక్ష్మీపురం:
అందరికీ నమస్తే అండి. మాది గుంటూరు లక్ష్మీపురం. ఈమధ్యే టొలీడో పక్కన ఒక చిన్న ఊరికి వచ్చాం, నాది హెచ్1బి ఉద్యోగం వీసా, మా ఆవిడది హెచ్4, అంటే డిపెండెంట్ వీసా. చుట్టుపక్కల మనోళ్ళు ఎవరూ లేరు, ఆఫీసు, ఇల్లు, వాల్‌మార్ట్ అంతే లైఫు. మా నాన్నగారు గుంటూరులో చాలా ఏళ్ళుగా రోటేరియన్. ఇక్కడ లైబ్రరీ బోర్డు మీద మంగళవారం రోటరీ లంచ్ అని ఒక కాయితం, లయన్స్ క్లబ్ పాన్‌కేక్ బ్రేక్‌ఫాస్ట్ అని ఇంకోటి కనిపించాయి. నాన్నగారి మెంబర్‌షిప్ మీద వెళ్ళొచ్చా? మనల్ని రానిస్తారా? వెజ్ దొరుకుద్దా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

బ్రాడీపేట 4/14:
తమ్ముడూ వెల్కమ్ టు ఒహాయో. నేను కొలంబస్ దగ్గర ఉంటా, ఇక్కడ లయన్స్‌లో ఉన్నా. ముందు అసలు సంగతి, అపార్ట్‌మెంట్ లీజు మీద సంతకం పెట్టావా? పెడితే లోపలికి వెళ్ళిన రోజే కార్పెట్టు, గోడలు, స్టవ్వు, బాత్‌రూమ్ టైల్స్ అన్నీ వీడియో తీసి పెట్టుకో. ఎందుకంటే నేను ఖాళీ చేసిన ఇంటి ఓనరు నా డిపాజిట్ మొత్తం మింగేద్దామని చూశాడు, కార్పెట్ మీద పసుపు మరకంట, ఇంట్లో వాసనంట, తిరగమోత పెట్టుకుంటే వాసన రాదా, మరక చూస్తే రూపాయి బిళ్ళంత, దానికి హాలంతా కార్పెట్ మార్చాలన్నాడు. నెల దాటింది, చెక్కు లేదు, లెక్క లేదు, ఫోన్ చేస్తే ఆ ఆఫీసు అమ్మాయి రేపు రేపు అంటది. ఆ వారం క్లబ్బు మీటింగులో నా పక్కన కూర్చునే పెద్దాయన, ఇన్సూరెన్స్‌లో చేసి రిటైరయ్యాడు, ఏంటయ్యా మొహం అలా పెట్టావు అన్నాడు, చెప్పా. ఆయన ఒకటే అడిగాడు, కొత్త అడ్రస్ రాతపూర్వకంగా ఇచ్చావా అని. ఇచ్చా, ఈమెయిల్ ఉంది. అయితే ఒహాయోలో 30 రోజుల్లోపు డిపాజిట్ తిరిగివ్వాలి, కోసుకుంటే దేనికెంతో రాసివ్వాలి, అన్యాయంగా పట్టుకున్నదానికి రెండింతలు కోర్టులో అడగొచ్చు, లాయర్ ఫీజు కూడా, స్మాల్ క్లెయిమ్స్ అని చిన్న మొత్తాల కోర్టులో 6,000 డాలర్ల దాకా వెయ్యొచ్చు, ఇవన్నీ రాసి సర్టిఫైడ్ మెయిల్ పంపు అన్నాడు. లెటర్ ఆయనే దగ్గర కూర్చుని రాయించాడు. అది అందింది, తర్వాత ఆ ఆఫీసోళ్ళ గొంతే మారిపోయింది, క్లీనింగ్ కింద కాస్త కోసుకుని మిగతాది పంపారు. చెప్పొచ్చేదేంటంటే క్లబ్బులో చేరు.

మిర్చియార్డు:
బ్రాడీపేట గారు, పిల్లోడు రోటరీ గురించి అడిగితే మీరు కార్పెట్ పురాణం చెప్పారు. సరే 30 రోజులు మీ ఒహాయోలో, కాలిఫోర్నియాలో 21 రోజులే. బాబూ నువ్వు హెచ్1బి కదా, హెచ్1బి మీద ఉన్నోళ్ళు కంపెనీ పని తప్ప ఇంకేదీ చెయ్యకూడదు, వాలంటీరింగ్ కూడా పనే, వీసా స్టాంపింగుకి వెళ్ళినప్పుడు అడుగుతారు, గ్రీన్‌కార్డ్ వచ్చేదాకా ఇట్లాంటివి పెట్టుకోవద్దు.

సత్యనారాయణపురం:
మిర్చియార్డు గారూ అలా భయపెట్టకండి, ప్రతి కొత్తోడికీ ఇదే చెప్తారు మీరు. మామూలుగా ఎక్కడైనా వాలంటీర్లే చేసే పని, సేవాసంస్థకి, జీతం గీతం లేకుండా చేస్తే హెచ్1బికి, హెచ్4కి ఇబ్బంది లేదు. చెయ్యకూడనిది ఏంటంటే ఇంకొకళ్ళకి జీతమిచ్చి చేయించుకునే పనిని నువ్వు ఊరికే చేసిపెట్టటం, ఉదాహరణకి ఎవరిదో కంపెనీకి వెబ్‌సైట్ ఫ్రీగా చేసి దానికి వాలంటీరింగ్ అని పేరు పెట్టటం. పాన్‌కేకులు తిప్పటానికి వీసా ఆఫీసరు అడ్డం రాడు. అనుమానం ఉంటే కంపెనీ లాయర్‌కి ఒక మెయిల్ పెట్టుకో, వాళ్ళున్నది అందుకే.

ఇంక అడిగిన ప్రశ్నకి జవాబు ఎవరూ చెప్పట్లా కాబట్టి నేను చెప్తా. నాన్నగారి మెంబర్‌షిప్ నీకు రాదు, ఎవరి మెంబర్‌షిప్ వాళ్ళదే. కానీ గెస్టుగా ఎవరైనా వెళ్ళొచ్చు. క్లబ్ సెక్రటరీకి ముందు మెయిల్ కొట్టు, మా నాన్న గుంటూరులో రోటేరియన్ అని ఒక్క ముక్క రాయి, అక్కడి నుంచి వాళ్ళే చూసుకుంటారు. నాన్నగారు ఇక్కడికి వచ్చినప్పుడు మాత్రం ఏ క్లబ్బు మీటింగుకైనా విజిటింగ్ రోటేరియన్‌గా వెళ్ళొచ్చు. వెజ్ అంటే బఫే అయితే సలాడ్, బ్రెడ్డు, ఉడకపెట్టిన గ్రీన్ బీన్స్, అందులో కూడా బేకన్ ముక్కలు వేస్తారు కొన్ని చోట్ల, అడిగి వడ్డించుకో. పెరుగన్నం తినేసి వెళ్ళటం ఉత్తమం.

మీటింగు మొదట్లో లేచి నిలబడి జెండాకి ప్లెడ్జ్ చెప్తారు, మనం నిలబడితే చాలు, చెప్పక్కర్లేదు. తర్వాత చిన్న ప్రార్థన ఉంటుంది కొన్ని క్లబ్బుల్లో. ఆ తర్వాత హ్యాపీ డాలర్స్ అని ఒక తంతు, మనవరాలు పుట్టింది, కొడుకు టీము గెలిచింది అని చెప్పి డాలర్ వేస్తారు. జేబులో చిల్లర నోట్లు పెట్టుకెళ్ళు. లయన్స్‌లో అయితే టెయిల్ ట్విస్టర్ అని ఒక పదవే ఉంది, ఫైన్లు వెయ్యటమే ఆయన పని, టై కట్టుకోలేదని ఫైను, కట్టుకున్నందుకు కూడా ఫైను.

బీసెంట్ రోడ్:
ఇవన్నీ డబ్బున్నోళ్ళ భోజనాల క్లబ్బులు బ్రదర్. మన బెజవాడలో చూడలేదా, నాలుగు కుట్టుమిషన్లు ఇచ్చి నలభైమంది ఫోటో దిగుతారు, పేపర్లో వేయించుకుంటారు. ఆ టైమేదో మన తెలుగు సంఘంలో పెట్టు, ఉగాది పచ్చడన్నా దొరుకుద్ది.

పటమట:
బీసెంట్ రోడ్ గారికి ఫోటోల మీద ఉన్న కోపం నాకూ ఉంది, కానీ అక్కడితో ఆగటం న్యాయం కాదు. నేను న్యూజెర్సీలో చాన్నాళ్ళు ఉండి బెజవాడ తిరిగొచ్చేశా, ఇప్పుడు ఇక్కడి క్లబ్బులో ఉన్నా. రోటరీ పోలియో కార్యక్రమం పెట్టింది 1985లో. మన దేశంలో పల్స్ పోలియో 1995లో మొదలైంది, ఆదివారాలు బూత్ దగ్గర టేబులేసుకుని కూర్చున్నవాళ్ళలో, మైకు పెట్టిన ఆటోకి డబ్బులిచ్చినవాళ్ళలో ఈ భోజనాల క్లబ్బోళ్ళే చాలామంది. దేశంలో చివరి వైల్డ్ పోలియో కేసు 2011 జనవరి 13న హౌరా జిల్లాలో, 2014 మార్చి 27న పోలియో లేదని సర్టిఫికెట్ వచ్చింది. ఒక్క రోటరీయే చేసిందని ఎవడూ అనట్లా, గవర్నమెంటు, ఆశా వర్కర్లు, అంగన్‌వాడీ వాళ్ళు లేకపోతే లేదు, కానీ వీళ్ళూ ఉన్నారు.

2024 సెప్టెంబర్ 1న బెజవాడలో బుడమేరు వాగు వరద వచ్చినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం నీళ్ళలో ఉన్నాయి కదా. మా క్లబ్ వాట్సాప్ గ్రూపులో అప్పటిదాకా గుడ్ మార్నింగ్ ఫోటోలు, పుట్టినరోజు శుభాకాంక్షలే. ఆ రాత్రికి రాత్రి ఒకాయన ఫంక్షన్ హాలు వంటశాల తెరిచాడు, ఇంకొకాయన పాల ప్యాకెట్లు, ట్రాక్టరున్నాయన ట్రాక్టరు. మొదట అందరూ పులిహోరే చేసుకొచ్చారు, అన్ని క్లబ్బులూ, గుళ్ళూ, కాలేజీలూ పులిహోరే, నీళ్ళ బాటిళ్ళు లేవు. తర్వాత తెలిసింది, నీళ్ళు తీసినాక అసలు బాధ మొదలవుద్ది, పరుపులు పాడయిపోయినై, గ్యాస్ పొయ్యిలు బురద పట్టినై, పిల్లల పుస్తకాలు, ఆధార్ కార్డులు. మా వాళ్ళలో ఒక మెకానిక్ షాపాయన గ్యాస్ పొయ్యిలు రిపేరు చేసే కుర్రాళ్ళని వీధిలో కూర్చోబెట్టాడు చూడండి, అంతకంటే పనికొచ్చే సర్వీసు ప్రాజెక్టు నేను చూళ్ళేదు. దానికి బ్యానర్ కూడా కట్టలేదు.

లక్ష్మీపురం బాబూ, ఒక జాగ్రత్త. నువ్వు చేరగానే అక్కడోళ్ళు మీ గుంటూరుకి ఏమన్నా చేద్దామా అంటారు, ప్రేమతోనే అంటారు. తొందరపడి మాటివ్వకు. విదేశీ డబ్బు తీసుకోవాలంటే ఇక్కడి సంస్థకి ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ డబ్బు ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాకే రావాలి. రోటరీ ఫౌండేషన్ గ్లోబల్ గ్రాంట్ అనే దారి ఉంది, అక్కడొక క్లబ్బు ఇక్కడొక క్లబ్బు కలిసి పెట్టాలి, ప్రాజెక్టు బడ్జెట్ కనీసం 30,000 డాలర్లు ఉండాలి. డయాలిసిస్ మిషన్లు, బళ్ళలో టాయిలెట్లు అలాంటివాటికి సరిపోద్ది. నాలుగు బెంచీలకి కాదు.

బ్రాడీపేట 4/14:
పటమట గారు మీ బెజవాడ క్లబ్బులు బాగానే చేశాయి గానీ మా గుంటూరు రోటరీ డిస్ట్రిక్ట్ నుంచి కూడా లారీలు వచ్చాయి, అది కూడా చెప్పండి.

పటమట:
నేను కాదన్నానా? మీరు 3150, మేము 3020. రోటరీ వాళ్ళ లెక్కలో కృష్ణ దాటితే డిస్ట్రిక్ట్ మారిపోద్ది, గుంటూరోళ్ళు హైదరాబాదుతో, మేము విశాఖతో. గంట ప్రయాణం లేదు, రోటరీ డిస్ట్రిక్ట్ గవర్నర్లు వేరు.

సత్యనారాయణపురం:
ఇంక డిస్ట్రిక్టుల గొడవ మొదలుపెట్టారు. అడ్మిన్ గారూ.

కొరిటెపాడు:
నేను ఆ హెచ్4 ఆవిడ తరఫున రాస్తున్నా, ఎవరూ ఆమె ఊసే ఎత్తలేదు కాబట్టి. మా అమ్మ ఊళ్ళో ఇన్నర్ వీల్‌లో ఉండేది, అంటే రోటరీ వాళ్ళ భార్యల క్లబ్బు అన్నమాట, నాన్న మీటింగుకి వెళ్తే అమ్మ వేరే మీటింగుకి. ఇక్కడ అలా ఉండదు తమ్ముడూ, ఆవిడ నీకంటే ముందే సొంతంగా మెంబరు కావచ్చు. రోటరీలో ఆడవాళ్ళకి ఇది ఊరికే రాలేదు, కాలిఫోర్నియాలో డ్వార్టే అనే ఊరి క్లబ్బు ఆడవాళ్ళని చేర్చుకుందని ఆ క్లబ్బునే రోటరీలోంచి తీసేశారు, అది సుప్రీం కోర్టు దాకా వెళ్ళి 1987లో ఆడవాళ్ళ వైపు తీర్పొచ్చింది, 1989లో రూలే మార్చారు. లయన్స్ కూడా 1987లోనే తలుపు తీసింది.

నేను హెచ్4లో ఉన్నప్పుడు మొదట వెళ్ళింది లయన్స్ కళ్ళజోళ్ళ పనికి. లైబ్రరీలో, బ్యాంకులో డబ్బా పెడతారు, పాత జోళ్ళు అందులో వేస్తారు, వాటిని కడిగి పవర్ చూసి సర్దాలి. ఇంగ్లీషు రాదన్న భయం లేదు, చేతులు పనిలో ఉంటే మాట దానంతటదే వస్తుంది. ఆ టేబుల్ దగ్గర కలిసిన ఆవిడే నాకు కారు నేర్పింది, మంచులో. మా ఆయన నేర్పితే రోజూ గొడవే.

మీరున్న చోటికి గంట దూరంలో శాండస్కీ, సీడర్ పాయింట్ ఉంది, రోలర్ కోస్టర్ల పార్కు. 1925లో లయన్స్ కన్వెన్షన్ అక్కడే జరిగితే హెలెన్ కెల్లర్ వచ్చి చూపు లేనివాళ్ళకి మీరు అండగా ఉండండి అని అడిగింది, లయన్స్ వాళ్ళు కళ్ళ పని పట్టుకోవటానికి కారణం అదే. మన ఊళ్ళో కంటి క్యాంపుల మీద పసుపు రంగు బ్యానర్లు చూశాం కదా, వాటి మూలం మీ పక్క ఊళ్ళో ఉంది. వేసవిలో పిల్లల్తో వెళ్ళండి.

మిర్చియార్డు:
క్లబ్బు డ్యూస్, అంటే సభ్యత్వం ఫీజు, టాక్సులో చూపించుకోవచ్చు, అది కూడా చెప్పండి పిల్లోడికి.

సత్యనారాయణపురం:
చూపించుకోకూడదు సార్. ఈ క్లబ్బులు మామూలుగా ఇక్కడి టాక్సు చట్టంలో 501 సి 4 కింద ఉంటాయి, కట్టిన డ్యూస్ విరాళం కిందకి రాదు. రోటరీ ఫౌండేషన్‌కి ఇచ్చేది 501 సి 3, అది వేరే. మీరు ఎన్నేళ్ళుగా చూపిస్తున్నారో నాకు చెప్పొద్దు.

బ్రాడీపేట 4/14:
హహ. తమ్ముడూ ఇంకో ముఖ్యమైన మాట. వెళ్ళిన మొదటి నెలలోనే విజిటింగ్ కార్డులు పంచే బ్యాచ్ మనోళ్ళలో ఉంది, ఇన్సూరెన్సు, రియల్ ఎస్టేట్, మల్టీలెవెల్, దానివల్ల తర్వాత వెళ్ళే ఇండియన్‌ని కూడా అనుమానంగా చూస్తారు. అలా చెయ్యకు. ఇంకోటి, గుంటూరు క్లబ్బుల ఇన్‌స్టలేషన్‌లో, అంటే కొత్త ప్రెసిడెంటు ప్రమాణస్వీకారంలో, స్టేజీ మీద ఇరవై కుర్చీలు, శాలువాలు, మెమెంటోలు చూసి పెరిగాం కదా మనం. ఇక్కడ ప్రెసిడెంటు ఏప్రన్ కట్టుకుని పొద్దున్న ఐదింటికి పిండి కలుపుతాడు, బ్యాంకు మేనేజరు చెత్త సంచులు కడతాడు. నీకు పార్కింగ్ దగ్గర ఆరెంజ్ చొక్కా ఇచ్చి నిలబెడతారు. నిలబడు. వాళ్ళు నిన్ను గుర్తుపెట్టుకునేది అక్కడే, మీటింగులో కాదు.

బీసెంట్ రోడ్:
సరే ఒప్పుకుంటున్నా, గ్యాస్ పొయ్యిల సంగతి నాకు తెలీదు. ఫోటోల సంగతి మాత్రం నేను ఒప్పుకోను.

లక్ష్మీపురం:
అందరికీ చాలా థ్యాంక్స్ అండి, ఇంత వస్తుందనుకోలేదు. సెక్రటరీకి మెయిల్ పెట్టా, ఆయన గంటలో రిప్లై ఇచ్చాడు, వచ్చే మంగళవారం రమ్మన్నాడు, లంచ్ వాళ్ళదేనంట. మా ఆవిడ కళ్ళజోళ్ళ డబ్బా లైబ్రరీలో కనిపెట్టింది, శనివారం తను వెళ్తానంటోంది. బ్రాడీపేట అన్నా, కార్పెట్ వీడియో కూడా తీసేశా. నాన్నగారికి ఫోన్లో చెప్తే ఆయన ఒకటే గొడవ, మా క్లబ్ బ్యానర్ పట్టుకెళ్ళి ఇవ్వాలి, వాళ్ళది మాకు పంపాలి, అలా మార్చుకోవటం పద్ధతి అని. నిజమేనా?

సత్యనారాయణపురం:
నిజమే, చాలా క్లబ్బుల్లో గోడ నిండా దేశదేశాల చిన్న జెండాలు వేలాడుతుంటాయి. గుంటూరుది వాళ్ళ గోడ మీద ఉండి ఉండదు. పోస్టులో పంపిస్తే ఖర్చు దండగ, ఎవరన్నా వచ్చేవాళ్ళతో తెప్పించుకో.

మిర్చియార్డు:
మా బావమరిది వచ్చే నెల డెట్రాయిట్ దిగుతున్నాడు, గుంటూరు నుంచే. నాన్నగారిని నాకు ప్రైవేటుగా మెసేజ్ పెట్టమను. ఒక జెండా అయితే పర్లేదు, దాంతోపాటు గోంగూర, కారప్పొడి, స్వీట్లు అంటే మాత్రం ముందే చెప్తున్నా, వాడి రెండు పెట్టెలూ మా చెల్లెలు ఇప్పటికే నింపేసింది.