ఏఏసీ2 జన్యువు తీసేసిన ఈస్టు గ్లూకోజ్ మీద కూడా ఎందుకు బతకడం లేదు?

ప్రశ్న – పరిశోధక విద్యార్థిని

బీవై4743 అనే డిప్లాయిడ్ (ప్రతి జన్యువుకూ రెండు ప్రతులుండే) ఈస్టులో ఏఏసీ2 (పెట్9 అన్నా ఇదే; కణానికి శక్తినిచ్చే ఏటీపీని మైటోకాండ్రియా లోపలి పొర దాటించే వాహక ప్రోటీన్ జన్యువు) రెండు ప్రతుల్లో ఒకదాన్ని తీసి, ఆ చోట ఈస్టును చంపే మందు జీ418ను తట్టుకునే జన్యువు పెట్టాను. పీసీఆర్‌లో రావలసిన పట్టీలే వచ్చాయి. టెట్రాడ్లు (ఒక డిప్లాయిడ్ కణం నుంచి వచ్చే నాలుగేసి స్పోర్ల గుంపులు; ఒక్కో స్పోరుకు జన్యువు ప్రతి ఒక్కటే దక్కుతుంది) విడదీస్తే నాలుగు స్పోర్లలో రెండే పెరుగుతున్నాయి, ఆ రెండూ జీ418 పళ్లెం మీద చస్తున్నాయి. అంటే ఏఏసీ2 లేని స్పోరు ఒక్కటీ బతకడం లేదు.

ఇది నాకు మింగుడుపడడం లేదు. 1967లో కోవాచ్, లహోవిచ్, స్లోనిమ్‌స్కీ వర్ణించిన ఓపీ1 ఈస్టులో దెబ్బతిన్నది ఈ జన్యువే: ప్రోటీన్‌లో 96వ స్థానంలో ఆర్జినిన్‌కు బదులు హిస్టిడిన్. అది శ్వాసక్రియ ఉంటేనే వాడుకోగల గ్లిసరాల్ మీద పెరగదు, గ్లూకోజ్ మీద మాత్రం పెరుగుతుంది. మైటోకాండ్రియాలో తయారైన ఏటీపీ బయటికి రాకపోతేనేం, గ్లూకోజ్ ఉన్నంతసేపూ సైటోప్లాజంలో గ్లైకాలిసిస్ (గ్లూకోజ్‌ను విరిచి ఏటీపీ చేసే క్రియ) నడుస్తుంది కదా! పైగా అదే రకం వాహకాల జన్యువులు ఏఏసీ1, ఏఏసీ3 కూడా ఉన్నాయి. అవి ఎందుకు ఆదుకోవు?

జవాబు – ఈస్టు జన్యుశాస్త్రం బోధించే అధ్యాపకుడు

అమ్మా, మీ టెట్రాడ్లను నమ్మండి. తేడా మీ స్ట్రెయిన్ వంశంలో ఉంది. బీవై స్ట్రెయిన్లు ఎస్288సీ అనే ప్రయోగశాల ఈస్టు సంతతి. ఆ వంశంలో సాల్1 అనే మరో జన్యువు ఫ్రేమ్‌షిఫ్ట్ (డీఎన్ఏ అక్షరాలను చదివే వరుస జరిగిపోవడం) వల్ల చెడిపోయి ఉంది. ఏఏసీ2, సాల్1 రెండింటిలో ఒక్కటైనా పనిచేస్తేనే కణం బతుకుతుంది. సాల్1 బాగున్న ఈస్టులో ఏఏసీ2 తీసేస్తే గ్లిసరాల్ మీద పెరుగుదల ఆగుతుందంతే.

సాల్1 కూడా లోపలి పొరలోని వాహకమే, కానీ దాని పద్ధతి వేరు. ఏఏసీ2 ఒక ఏడీపీకి ఒక ఏటీపీని మార్పిడి చేస్తుంది. సాల్1 మెగ్నీషియంతో కూడిన ఏటీపీని ఫాస్ఫేటుతో మార్చుకుంటుంది, దాన్ని నడిపించేది కాల్షియం. ఇక్కడ మనం ఏటీపీ బయటికి రావడం గురించే ఆలోచిస్తాం, అసలు కిటుకు లోపలికి వెళ్లడంలో ఉంది. గ్లూకోజ్ పుష్కలంగా ఉన్నప్పుడు, గాలి తగులుతున్నా సరే, ఈస్టు మైటోకాండ్రియా ఏటీపీని బయటి నుంచి తెప్పించుకుని ఖర్చుచేయగలదు. బయటి నుంచి ప్రోటీన్లను లోపలికి లాగే యంత్రాంగానికే బోలెడు ఏటీపీ కావాలి. రెండు దారులూ మూసేస్తే ఆ పని ఎలా సాగుతుంది?

తేల్చుకోవడానికి మార్గం ఉంది. మంచి సాల్1ను యూరా3 జన్యువు ఉన్న సెంట్రోమియర్ ప్లాస్మిడ్‌లో (కణంలో విడిగా ఉండే చిన్న డీఎన్ఏ వలయం) పెట్టి డిప్లాయిడ్‌లోకి పంపి, మళ్లీ టెట్రాడ్లు తీయండి. ప్లాస్మిడ్ దక్కితే ఏఏసీ2 లేని స్పోర్లు కూడా బతికి జీ418 మీద పెరగాలి. వాటిని యూరా3 ఉన్న కణాలను చంపే 5-ఎఫ్‌ఓఏ మీద గీస్తే ప్లాస్మిడ్‌ను వదులుకోలేక చస్తాయి. ఒక్క మాట మాత్రం మరవకండి: సాల్1ను మీ బీవై డీఎన్ఏ నుంచి పీసీఆర్ చేస్తే చెడిపోయిన ప్రతే చేతికొస్తుంది. వేరే వంశపు ఈస్టు నుంచి తీసి, సీక్వెన్స్ చూసుకున్నాకే వాడండి.

జవాబు – మైటోకాండ్రియా మీద పనిచేస్తున్న ఇంకొకరు

ఏఏసీ1, ఏఏసీ3 సంగతి నేను చెబుతాను. ఏఏసీ1 చాలా తక్కువగా తయారవుతుంది. ఏఏసీ3ని ఆక్సిజన్ ఉన్నప్పుడు రాక్స్1 అనే ప్రోటీన్ అణచిపెడుతుంది, గాలి లేనప్పుడే అది మేల్కొంటుంది. బ్రాటిస్లావాలో కోలారోవ్ బృందం 1991లో చూపిన విషయం నాకు ఎంతో ఇష్టం: ఏఏసీ2, ఏఏసీ3 రెండూ లేని ఈస్టు గాలిలో పెరిగింది, గాలి లేనిచోట పెరగలేదు. శ్వాసక్రియే లేనప్పుడు ఈ వాహకం ఎందుకన్న ప్రశ్నకు అంతకన్నా సూటి జవాబు లేదు. అప్పుడు మైటోకాండ్రియాకు ఏటీపీ సైటోప్లాజం నుంచే రావాలి.

జవాబు – పిల్లల నరాల వైద్యురాలు

మీరు చెప్పిన 96వ ఆర్జినిన్‌కు మనిషిలో సాటి స్థానం ఇలాంటి వాహకమే అయిన ఎస్‌ఎల్‌సీ25ఏ4 ప్రోటీన్‌లో 80వది. అక్కడ ఆర్జినిన్ పోయి హిస్టిడిన్ వస్తే పుట్టుకతోనే కండరాలు బలహీనంగా, ఊపిరి తీసుకోవడం కష్టంగా ఉండే తీవ్రమైన వ్యాధి వస్తుందని 2016లో ప్రచురితమైంది. తల్లిదండ్రుల్లో లేకుండా బిడ్డలో కొత్తగా వచ్చిన మార్పు అది. దయచేసి మీ పని ఆపకండి. అలాంటి పసివాళ్లను చూసే మాకు ఈ ఈస్టు పళ్లేలు చాలా అవసరం.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. సాల్1 ప్లాస్మిడ్‌తో బతికిన స్పోర్లలోకి రెండో ప్లాస్మిడ్ మీద ఒకవైపు మామూలు ఏఏసీ2ను, మరోవైపు 96వ స్థానంలో హిస్టిడిన్ ఉన్నదాన్ని పంపుతాను. 5-ఎఫ్‌ఓఏ మీద సాల్1 పోయాక హిస్టిడిన్ రకం ఒక్కటే కణాన్ని బతికించగలదా? ముందు అదే చూస్తాను.